జపాన్‌లో ఎక్స్‌చేంజ్ సెమిస్టర్: ఊరి గురించి కాదు, క్లాసుల గురించి

ఫిబ్రవరి చివర్లో విజయవాడ వచ్చాను. అప్పటి నుంచి మా కాలేజీ జూనియర్లు, గుంటూరు అరండల్‌పేటలో మా పిన్ని వాళ్ల అపార్ట్‌మెంట్ పిల్లలు అందరూ అడిగేది ఒకటే, "అక్కా, జపాన్ ఎలా ఉంది?" జపాన్ బాగుంది. రైళ్లు, శుభ్రం, చలి, అవన్నీ మీరు వీడియోల్లో చూసినట్టే ఉంటాయి. కానీ అక్కడ పాఠాలు ఎలా చెప్తారు, ఏ కోర్సు తీసుకోవాలి, ఏది తీసుకుంటే టైమ్ వేస్ట్ అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నాలుగు నెలల పైన నేను ఎక్కువగా ఉన్నది క్లాసులోనే కాబట్టి నేను చెప్పగలిగేది దాని గురించే.

నేను సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మా ఇల్లు సింగ్ నగర్‌లో, ఆ సంగతి కింద అవసరం పడుతుంది. వెళ్లింది తోక్యోకి దగ్గర్లో ఉన్న ఒక జాతీయ యూనివర్సిటీకి, అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా నడిచే ఫాల్ సెమిస్టర్‌కి. కొన్ని ఫిర్యాదులు కూడా రాస్తున్నాను కాబట్టి దాని పేరు, మా కాలేజీ పేరు చెప్పను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. ఎక్స్‌చేంజ్ అంటే అక్కడ డిగ్రీ చేయడం కాదు, లాంగ్వేజ్ స్కూల్లో చేరడం కూడా కాదు. నేను కనుక్కోవడానికి వెళ్లిన ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఈ మూడూ కలిపేసి మాట్లాడి, లాంగ్వేజ్ స్కూల్ ఫీజు కాగితం నా చేతిలో పెట్టారు. ఎక్స్‌చేంజ్‌కి మధ్యవర్తి అక్కర్లేదు. మీ కాలేజీకీ అక్కడి యూనివర్సిటీకీ ఒప్పందం ఉండాలి, మీ కాలేజీ మిమ్మల్ని నామినేట్ చేయాలి, అంతే. మామూలు ఒప్పందంలో ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ కట్టరు. జపాన్ జాతీయ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు మామూలుగా ఏడాదికి 5,35,800 యెన్‌లు ఉంటుంది కాబట్టి అది తప్పడం చిన్న విషయం కాదు.

ఇక క్లాసులు. ఒక్కో పీరియడ్ 90 నిమిషాలు, దాన్ని వాళ్లు కోమా అంటారు. కొన్ని యూనివర్సిటీల్లో 100, 105 నిమిషాలు కూడా ఉంటుంది. మన 50 నిమిషాల పీరియడ్‌కి అలవాటు పడ్డవాళ్లకి మొదటి రెండు వారాలు గంట దాటాక బుర్ర పనిచేయదు, తర్వాత అదే బాగుంటుంది, ఎందుకంటే ఒక విషయం మొదలుపెడితే ఆ రోజే దాని చివర దాకా వెళ్తారు. ప్రతి కోర్సు సిలబస్ సెమిస్టర్ మొదలవకముందే ఆన్‌లైన్‌లో ఉంటుంది, ఏ వారం ఏ పాఠం, మార్కులు దేనికి ఎన్ని, అన్నీ రాసి ఉంటాయి. దాన్ని చదవకుండా పేరు చూసి కోర్సు ఎంచుకోకండి. నేను ఒకటి అలా ఎంచుకున్నాను.

అది జపాన్ సమాజం, సంస్కృతి మీద ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సు. ఎక్స్‌చేంజ్ వాళ్ల కోసమే పెట్టింది. డెబ్బై మంది పైనే ఉన్న హాలు, సార్ స్లైడ్లు చదువుతారు, క్లాస్ చివర అందరూ పది లైన్ల కామెంట్ పేపర్ రాసి ఇస్తారు, మార్కుల్లో సగం దానికే. కష్టపడక్కర్లేదు, మంచి గ్రేడ్ వస్తుంది. కానీ అంత దూరం వెళ్లి, ఇంట్లో అంత డబ్బు పెట్టి, లైబ్రరీలో ఒక్క పుస్తకం చదివితే తెలిసిపోయే విషయాలు పదిహేను వారాలు వినడం నాకు బాధగా అనిపించింది. ఇలాంటి కోర్సులు అన్నీ ఇలాగే ఉంటాయని అనను, పక్క హాల్లో ఎదో కాలం (1603 నుంచి 1868 దాకా షోగన్లు పాలించిన కాలం) చరిత్ర చెప్పిన మేడమ్ క్లాసు గురించి మా హాస్టల్ అమ్మాయి వారం వారం చెప్తుంటే నాకు అసూయ కలిగేది. తేడా అంతా సిలబస్‌లోనే కనిపిస్తుంది. ఆ మేడమ్ ప్రతి వారం చదవాల్సిన పేజీలు రాసి పెట్టింది, మా సార్ సిలబస్‌లో వారానికి ఒక్క మాట ఉంది.

జపనీస్ భాష కోర్సు మాత్రం ఎవరు వెళ్లినా వదలొద్దు. మొదటి వారం ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టి లెవెల్ నిర్ణయిస్తారు. నేను విజయవాడలో ఉండగా వాళ్ల మొదటి లిపి హిరగానా 46 అక్షరాలు మాత్రం నేర్చుకుని వెళ్లాను, సున్నా నుంచి మొదలయ్యే క్లాసులో పడ్డాను. వారానికి ఐదు రోజులు, పొద్దున 8:50కి, ప్రతి రోజూ ఐదు నిమిషాల చిన్న పరీక్ష. టీచర్ మొదటి రోజు నుంచే ఇంగ్లిష్ మాట్లాడలేదు.

తెలుగు వాళ్లకి ఒక మంచి మాట చెప్తాను, ఎవరూ చెప్పరు ఇది. వాక్యం అల్లిక మనదే. వతాషి వా దైగాకు ని ఇకిమస్ అంటే మాటకి మాట "నేను యూనివర్సిటీకి వెళ్తాను". క్రియ చివరే, విభక్తి మాట వెనకాలే. మా క్లాసులో జర్మనీ, ఫ్రాన్స్ పిల్లలు నెల రోజులు వాక్యాన్ని వెనక నుంచి ముందుకి తిప్పుకుంటూ కూర్చుంటే నాకు ఆ బాధే లేదు. ఒక్క చోట జాగ్రత్త. వాళ్ల "ని" మన "ని" కాదు, మన "కి". మన "పుస్తకాన్ని" లో ఉన్న "ని"కి వాళ్లది "ఓ". ఇది నాకు రెండు వారాలు తప్పులు పడ్డాక గానీ పట్టుబడలేదు. మర్యాద రూపాలు కూడా మనకి కొత్త కాదు, "రా"కీ "రండి"కీ తేడా పుట్టినప్పటి నుంచి తెలిసినవాళ్లం. అసలు కష్టం కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు. రోజువారీ వాడకానికి వాళ్ల ప్రభుత్వం పెట్టిన పట్టికలోనే 2,136 ఉన్నాయి. సెమిస్టర్ మొత్తానికి నాకు వచ్చినవి నూట యాభై లోపే, అవి వచ్చినందుకే సూపర్ మార్కెట్‌లో ప్యాకెట్ మీద చేప, పంది, ఆవు అని గుర్తుపట్టి తిండి కొనుక్కోగలిగాను. మీరు వెజిటేరియన్ అయితే ఈ మూడు కంజీ ఇక్కడే నేర్చుకుని వెళ్లండి. చేప ముక్క కనబడకపోయినా పులుసులో ఎండు చేప రసం ఉంటుంది. ఇక అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి డిసెంబర్ దాకా వచ్చింది, దాని గురించి రాస్తే ఇది వేరే రివ్యూ అవుతుంది.

నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది విపత్తుల నివారణ ఇంజనీరింగ్ కోర్సు. ఇంగ్లిష్‌లోనే, పద్నాలుగు మందిమి, వియత్నాం, ఇండోనేసియా, థాయ్‌లాండ్ వాళ్లు ఎక్కువ. మొదటి క్లాసులో సెన్సే, అంటే మాస్టారు, ఒక్కొక్కరినీ మీ ఊళ్లో మీరు చూసిన విపత్తు ఏంటని అడిగారు. నేను 2024 సెప్టెంబర్ 1 విజయవాడ వరద గురించి చెప్పాను. మా ఊళ్లోంచి పారే బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి ఎలా వచ్చాయో, మేం మేడ మీద ఎన్ని రోజులు ఉన్నామో, పడవలో పాల ప్యాకెట్లు ఎలా అందించారో. ఆయన మధ్యలో ఆపి బోర్డు దగ్గరికి పిలిచి మ్యాప్ గీయమన్నారు. వెలగలేరు నుంచి బుడమేరుని కృష్ణలోకి మళ్లించే కాలువ గీశాను, దానికి మూడు చోట్ల గండ్లు పడ్డాయని చెప్పాను. అప్పుడు కృష్ణలో ఎంత నీరుంది అని అడిగారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. దాన్ని ఘనపు మీటర్లలోకి మారిస్తే సెకనుకి 32 వేల పైన. ఆ అంకె బోర్డు మీద రాసి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత అన్నారు, వరద రెండు రకాలు, నది గట్టు దాటి వచ్చేది గైసుయి, ఊళ్లో పడ్డ వాన బయటికి పోలేక నిలిచిపోయేది నైసుయి, మీ ఊరికి ఒకేసారి రెండూ వచ్చాయి, పెద్ద నది నిండి ఉంటే చిన్న నది నీరు అందులోకి దిగదు కదా అని. మా ఇంటి చుట్టూ ఏం జరిగిందో ఏడాది తర్వాత, అన్ని వేల కిలోమీటర్ల అవతల, ఆ రెండు మాటలతో నాకు అర్థమైంది. మన దగ్గర హైడ్రాలజీ పేపర్ రాశాను నేను, మార్కులు బాగానే వచ్చాయి, కానీ ఆ పేపర్‌కీ మా వీధికీ సంబంధం ఉందని ఎప్పుడూ అనుకోలేదు.

నవంబర్‌లో సైతామాలోని కసుకాబేకి తీసుకెళ్లారు. అక్కడ భూమికి దాదాపు 50 మీటర్ల లోతున 6.3 కిలోమీటర్ల సొరంగం ఉంది, 1993లో మొదలుపెట్టి 2006లో పూర్తిచేశారు. చుట్టుపక్కల చిన్న నదులు పొంగితే ఆ నీటిని ఐదు బావుల్లోంచి లోపలికి దించి, చివర పంపులతో ఎదోగావా అనే పెద్ద నదిలోకి తోడేస్తారు. లోపల 18 మీటర్ల ఎత్తు హాలు, 59 స్తంభాలు, ఒక్కోటీ 500 టన్నులు. ఫోటోలు మీరు చూసే ఉంటారు. కానీ ఆ మెట్లు దిగుతూ సెన్సే చెప్పిన మాటే నాకు గుర్తుంది. ఈ పంపుల మొత్తం శక్తి సెకనుకి 200 ఘనపు మీటర్లు, మీ కృష్ణకి ఇది ఏమీ కాదు, ఇది బుడమేరు లాంటి వాటి కోసం అన్నారు. ఎక్కడ ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో ఒకే వాక్యంలో చెప్పే మాస్టారు దొరకడం అదృష్టం.

ఆ కోర్సు పుణ్యమా అని అదే సెన్సే ల్యాబ్‌లో నాకు చోటు దొరికింది. సైన్సు, ఇంజనీరింగ్ పిల్లలు యూనివర్సిటీ వెతుక్కునేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే, ఎక్స్‌చేంజ్ విద్యార్థికి ల్యాబ్ ఇస్తారా లేదా అని. సెన్‌దాయ్‌లోని తొహోకు యూనివర్సిటీలో జె.వై.పి.ఇ. అనే ప్రోగ్రామ్ ఉంది, ఇంగ్లిష్ కోర్సులతో పాటు ల్యాబ్‌లో పరిశోధన కూడా ఉంటుంది. జపాన్ గురించే చదవాలనుకునేవాళ్లు క్యూషూ యూనివర్సిటీ జె.టి.డబ్ల్యూ. చూడండి. నగోయా యూనివర్సిటీలో నుపేస్, హొక్కైదో యూనివర్సిటీలో హస్టెప్ అనే ఎక్స్‌చేంజ్ ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. అయితే మీ కాలేజీకి వాళ్లతో ఒప్పందం ఉండాలి, అది మర్చిపోవద్దు.

ల్యాబ్‌లో నాకొక బల్ల, ఒక తాళంచెవి ఇచ్చారు. త్సుకుబాలో నీటి విపత్తుల మీద పరిశోధించే ఇచార్మ్ సంస్థ తయారుచేసిన ఆర్.ఆర్.ఐ. మోడల్‌లో, వాన ఎంత పడితే నీరు ఎక్కడిదాకా వస్తుందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ అది, బుడమేరు పరీవాహకాన్ని పెట్టి చూశాను. మొదటిసారి నడిపితే మా ఇల్లు పొడిగా వచ్చింది. ఉపగ్రహం ఇచ్చే ఎత్తుల డేటాలో కొన్ని మీటర్ల తేడా ఉండొచ్చు, సింగ్ నగర్ లాంటి చదును నేలకి ఆ తేడానే కొంప ముంచుతుందని అప్పుడు తెలిసింది. ప్రతి వారం జెమీ, అంటే ఒకరు తమ పని చూపిస్తే మిగతావాళ్లందరూ ప్రశ్నలడిగే క్లాసు. అంతా జపనీస్‌లోనే. నాకు ట్యూటర్‌గా వేసిన మాస్టర్స్ అమ్మాయి పక్కన కూర్చుని ముఖ్యమైనవి కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసి చూపించేది. మీకు జపనీస్ భాష పరీక్ష (జె.ఎల్.పి.టి.)లో ఎన్2 స్థాయి లేకపోతే మామూలు జపనీస్ మీడియం కోర్సుల జోలికి వెళ్లకండి, జెమీలో మాత్రం అర్థం కాకపోయినా కూర్చోండి, ప్రశ్న ఎలా అడగాలో చూసి నేర్చుకోవచ్చు.

ఇప్పుడు నన్ను బాగా ఏడిపించిన విషయం, క్రెడిట్లు. అక్కడ వారానికి ఒక 90 నిమిషాల లెక్చర్ కోర్సుకి 2 క్రెడిట్లు. మా కాలేజీలో థియరీ సబ్జెక్టు 3 క్రెడిట్లు. వెళ్లేముందు నోటిమాటగా "చూసుకుందాంలే అమ్మా" అన్నారు, వచ్చాక 2 క్రెడిట్ల కోర్సుని 3 క్రెడిట్ల సబ్జెక్టు కింద వేయడం కుదరదన్నారు. పైగా అక్కడి ఫాల్ సెమిస్టర్ మార్కులు వచ్చేది మార్చిలో, ఇక్కడ ప్లేస్‌మెంట్ల లిస్టు కట్టేటప్పటికి నా పేరు పక్కన ఖాళీ. నాన్న రెండు సార్లు సెలవు పెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగారు. కోర్సు కోడ్లతో సహా, ఏ రెండు కోర్సులు కలిపి ఇక్కడ ఏ సబ్జెక్టుకి సమానమో కాగితం మీద రాయించి, సంతకం, స్టాంపు వేయించుకున్నాకే టికెట్ బుక్ చేయండి. సిలబస్ పీడీఎఫ్‌లు దాచుకోండి, సెమిస్టర్ మారితే లింకులు పోతాయి.

డబ్బు సంగతి క్లుప్తంగా. జాస్సో అనే జపాన్ ప్రభుత్వ సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్ నెలకి 80,000 యెన్‌లు, అక్కడి యూనివర్సిటీ ద్వారానే వస్తుంది, గ్రేడ్లు 3.00కి 2.30 పైన ఉండాలి. మా కాలేజీ నుంచి ఇద్దరం వెళ్తే ఒకరికే వచ్చింది, నాకు రాలేదు. యూనివర్సిటీ హాస్టల్, తిండి కలిపి నాకు నెలకి 75 వేల నుంచి 85 వేల యెన్‌ల మధ్య అయింది. పర్మిషన్ తీసుకుంటే వారానికి 28 గంటల దాకా పని చేసుకోవచ్చు గానీ, రోజూ పొద్దున్నే భాష క్లాసు, సాయంత్రం ల్యాబ్ ఉంటే అది నా వల్ల కాలేదు. వీసాకి ముందు కావాల్సిన సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ అక్కడి యూనివర్సిటీయే అప్లై చేస్తుంది, ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది, ఆ టైమ్‌లో టెన్షన్ పడి రోజూ మెయిల్స్ పెట్టకండి. దిగాక 14 రోజుల్లోపు అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, దానికి ట్యూటరే తీసుకెళ్తారు.

నా మార్కులు అడిగితే భాష కోర్సుకి ఐదుకి ఐదు, విపత్తుల కోర్సుకీ ల్యాబ్‌కీ ఐదు కన్నా ఎక్కువ ఇవ్వగలిగితే ఇస్తాను, సంస్కృతి లెక్చర్‌కి రెండు. అక్టోబర్‌కి వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఏడాది డిసెంబర్‌లోనే కాలేజీలో అడగడం మొదలుపెట్టండి. నా బుడమేరు మోడల్ ఇంకా పూర్తవలేదు. పోయిన ఆదివారం నాన్న, నేను టేపు పట్టుకుని మా వీధిలో గోడల మీద మిగిలిన వరద మరకల ఎత్తు కొలిచాం, పదకొండు ఇళ్లు అయ్యాయి, ఆ అంకెలు సెన్సేకి పంపాను.