ఈకో వ్యాన్‌లో జరిగే సీటు: పాత పట్టాలతో ఏళ్లు నడిపాక

మారుతి ఈకో వెనక సీటు ముందుకూ వెనక్కూ జరగాలంటే కొత్త స్లైడర్లు (సీటు జారే ఇనుప పట్టాలు) కొననక్కర్లేదు, పాత కారు సీటు పట్టాలు చాలు. వాటిని ఫ్లోర్‌కు పట్టి ఉంచే బోల్టుల దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. మా ఐదు సీట్ల ఈకోను పడుకునే బండిగా మార్చుకుని, నల్గొండ నుంచి చాలా ఊళ్లు తిప్పాక నేను చెప్పేది ఇదే.

పట్టాలు హైదరాబాద్ ఆటోనగర్‌లో పాత సామాన్ల దుకాణంలో దొరికాయి. జత 1,800 రూపాయలు. బోల్టులు, ప్లేట్లు, కూలీ కలుపుకొన్నా 5 వేలు దాటలేదు. అక్కడే కింద పెట్టి లాగి చూశాకే కొన్నాను. తుప్పు పైపైన ఉంటే పర్వాలేదు, లాక్ పళ్లు అరిగి ఉంటే మాత్రం ఫ్రీగా ఇచ్చినా తీసుకోకండి.

అసలు పేచీ వెడల్పుతో. కారు ముందు సీటుకు రెండు పట్టాలూ దగ్గరగా ఉంటాయి. ఈకో వెనక సీటు బెంచీ కాబట్టి పట్టాలు రెండు చివర్లకు పోతాయి. ఒక పక్క పట్టి లాగితే రెండో పక్క వెనకబడి బిగుసుకుంటుంది, పాత బల్ల సొరుగులాగా. పట్టాల మధ్య దూరం ముందూ వెనకా సమానంగా ఉంటే సరిపోదు. మూల నుంచి మూలకు టేపు పెడితే రెండు వైపులా ఒకే కొలత రావాలి. పైగా ఫ్లోర్ గాడులు గాడులుగా ఉంటుంది. ఇనుప పట్టీ ముక్కలు వేసి లెవెల్ చేయకుండా బిగిస్తే పట్టా మెలి తిరిగి, లోపల జారడానికి ఉండే ఇనుప బాల్స్ ఇరుక్కుంటాయి. మాకు సగం పొద్దు ఈ లెవెలింగ్‌కే పోయింది.

"బోల్టులెందుకు సార్, నాలుగు టాకాలు కొడితే ఇక కదలదు" అన్నాడు వెల్డింగ్ చేసే అతను. నేను ఒప్పుకోలేదు. రేకు పలచన. వేడికి పెయింటు కాలిన చోటే తుప్పు మొదలవుతుంది. తల మీద 8.8 అని గట్టిదనం గుర్తు అచ్చున్న 10 ఎంఎం బోల్టులు, ఊపుకు వదులు కాని నైలాక్ నట్లు, బండి కింద అరచేయంత ఇనుప ప్లేట్లు వేయించాను. సడెన్ బ్రేకు పడితే మనుషుల బరువంతా బోల్టు మీదికి వస్తుంది. ప్లేటు లేకపోతే అది రేకును చీల్చుకుని వచ్చేస్తుంది. డ్రిల్ పెట్టేముందు కిందికి దూరి ట్యాంకు, బ్రేకు పైపు, వైర్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి. చిల్లుల అంచులకు ప్రైమర్ తప్పనిసరి.

సీటు జానెడు ముందుకు జరుగుతుంది. వినడానికి చిన్నదే కానీ, వెనక చెక్క వేస్తే ఆరడుగుల మనిషి కాళ్లు చాపుకోవడానికి ఆ జానెడే కావాలి. అమావాస్యకు చెర్వుగట్టు గుడి దగ్గర రాత్రి నిద్ర చేసినా, దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోతూ మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి 9కి మూసేస్తే పొద్దున 6 దాకా ఆగినా రూము గొడవ లేదు. 

బెల్టు బిగింపు బాడీకి ఉంటుంది, సీటుతో పాటు జరగదు. అందుకే మనుషులు కూర్చున్నప్పుడు సీటు పాత చోటికి రావాల్సిందే. రెండు పక్కల లాక్‌లనూ ఒకే రాడ్డుతో కలిపించాను. అయినా ఒక పక్క పడి, రెండోది పడకపోవచ్చు. బయల్దేరే ముందు సీటును గట్టిగా ఊపి చూస్తాం. ఆర్‌సీలో ఉన్న సీట్ల సంఖ్యను మాత్రం ముట్టుకోలేదు. బండిలో చేసే మార్పుల మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. సీటు పీకేసే ఆలోచన ఉంటే ముందు ఆర్‌టీఏ ఆఫీసులో అడగండి, లేకపోతే ఇన్సూరెన్స్ దగ్గర తంటా.

ఇక దుమ్ము. కోతల కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు కదా, ఆ వడ్ల పొట్టు అంతా పట్టాల్లోకే చేరుతుంది. గ్రీజు పూస్తే జిగటకు పట్టి ముద్ద కడుతుంది. గ్రీజు మొత్తం కిరసనాయిలుతో కడిగించి, ఇప్పుడు బ్రష్‌తో దులిపి సిలికాన్ స్ప్రే కొడుతున్నాను. జారడం బాగుంది. చప్పుడు మాత్రం పోలేదు. ఖాళీ సీటుతో గుంతల రోడ్డెక్కితే కుడి పట్టా కడకడమంటుంది. బాల్స్ అరిగాయని మెకానిక్ అంటున్నాడు. ఈసారి ఆటోనగర్ పోయినప్పుడు మరో జత వెతకాలి.