నహలాల్: గదిలోంచి కనబడని గుండ్రటి ఊరు

నహలాల్ ఇజ్రాయెల్‌లో ఓ పల్లె. అక్కడ గది అద్దెకిచ్చేవాళ్లు ప్రకటనలో "కిటికీ తెరిస్తే గుండ్రటి ఊరు కనబడుతుంది" అని రాసి, ఆకాశం నుంచి తీసిన ఫొటో పెట్టారు. నమ్మి, రాత్రికి 650 షెకెళ్లు, అంటే దగ్గర దగ్గర పదిహేను వేల రూపాయలు, కట్టాం. కిటికీ తెరిస్తే పక్కింటి పశువుల కొట్టం! "పేడ వాసన చూడ్డానికి ఇజ్రాయెల్ దాకా రావాలా?" అంది మా ఆవిడ.

మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది మా బావమరిది. జగిత్యాల నుంచి వెళ్లి టెల్ అవీవ్ దగ్గర ఓ పెద్దాయన్ని చూసుకునే కేర్‌గివర్ పని చేస్తున్నాడు. సెలవు శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకే. శనివారం షబ్బాత్, అంటే యూదుల విశ్రాంతి రోజు, ఊళ్లో బస్సుండదు. టిఫిన్ కలిపే అన్నారు కదా అని అడిగితే గది ఇచ్చిన ఇంటావిడ ఫ్రిజ్ చూపించింది: నాలుగు గుడ్లు, రెండు దోసకాయలు, ఓ పెరుగు డబ్బా. మేం తెచ్చుకున్న ఆవకాయే ఆదుకుంది.

ఊళ్లో నడిస్తే వంపు తిరిగిన రోడ్డు తప్ప ఏమీ తెలీదు. పక్కనే ఉన్న షిమ్రోన్ గుట్ట ఎక్కాక నోరు తెరిచాం. బండిచక్రమే! మధ్యలో బడి, సంఘం కట్టడాలు, చుట్టూ ఇళ్లు, ఒక్కో ఇంటి వెనక చీలికలా విచ్చుకుంటూ పొలం. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే గొడవ రాకుండా రిచర్డ్ కౌఫ్‌మన్ అనే ఆర్కిటెక్టు గీసిన ప్లాను. గుట్టకి టికెట్ లేదు.

1921 సెప్టెంబరు 11న ఇక్కడ దిగినవాళ్లు ఎక్కువగా తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదులు. అప్పుడిది మలేరియా బురదనేల. వాళ్లలో కొందరు అంతకుముందు దెగానియా అనే ఊళ్లో అన్నీ ఉమ్మడిగా ఉండే కిబ్బుత్జ్ బతుకు చూసినవాళ్లు. ఇక్కడ మోషావ్ పెట్టారు. అప్పటి పద్ధతి ఇది: ఎవరిల్లు వారిదే, ఎవరి సేద్యం వారిదే. పాలు అమ్మడం, విత్తనాలు కొనడం మాత్రం సంఘం ద్వారా. కూలీలను పెట్టుకోకూడదు, ఎవరైనా మంచాన పడితే ఇరుగుపొరుగు చేలో దిగాలి. నేల ఎవరి సొంతమూ కాదు, భూములు కొనే యూదుల జాతీయ నిధి నుంచి కౌలుకి. "మన దగ్గరైతే మొదటి ఏడాదే గట్టు తగాదా బావా" అన్నాడు బావమరిది. ఊరున్న ఈ జెజ్రియెల్ లోయ భూములు చాలావరకు బీరూత్‌లోని సుర్సోక్ కుటుంబం నుంచి కొన్నవి. వాటిని దున్నుకుంటున్న అరబ్బు కౌలుదార్లు ఎందరో ఖాళీ చేసి పోవాల్సొచ్చింది. ఇంటావిడ చెప్పిన చరిత్రలో ఆ ముక్క లేదు.

గుట్ట మీదే శ్మశానం. ఇజ్రాయెల్ సైన్యాధిపతిగా, రక్షణ మంత్రిగా చేసిన మోషే దయాన్ పెరిగిందీ ఈ ఊళ్లోనే, సమాధీ ఇక్కడే. మా ఆవిడ ఆగింది మాత్రం వ్యోమగామి ఇలాన్ రమోన్ సమాధి దగ్గర. 2003లో కొలంబియా వ్యోమనౌకలో మన కల్పనా చావ్లాతో పోయినాయన. పక్కనే కొడుకు అసాఫ్, 2009లో యుద్ధవిమానం కూలి చనిపోయాడు. పూలు దొరుకుతాయేమోనని చూసింది. అక్కడ అందరూ పెట్టినవి గులకరాళ్లు. తనూ ఓ రాయి ఏరి, చీర చెంగుతో తుడిచి పెట్టింది. ఆ తర్వాత గది మాట ఎత్తలేదు.

వెళ్లేవాళ్లు ఆదివారం నుంచి గురువారం లోపు వెళ్లండి. దగ్గర్లోని హైఫా నగరంలో పడుకోండి, ఊళ్లో గది దండగ. శనివారం హైఫా దాకా టాక్సీ మాకు 340 షెకెళ్లయింది. బావమరిది పెద్దాయన దగ్గరికి ఇరవై నిమిషాలు లేటుగా చేరాడు.