వాదీ షాబ్: ఈత వచ్చినవాళ్లకే పూర్తి మజా

ఒమన్ రాజధాని మస్కట్‌లో ఉంటున్న మనవాళ్లు, ఊరి నుంచి ఎవరైనా వస్తే ముందుగా చూపించేది ముత్రా కార్నిష్ అనే సముద్రపు ఒడ్డు రోడ్డు, గ్రాండ్ మాస్క్ అనే పెద్ద మసీదు. వచ్చినవాళ్లకి నడిచే ఓపిక, కాస్త ఈత ఉంటే మాత్రం ఒక రోజు వాదీ షాబ్‌కి కేటాయించమంటాను. వాదీ అంటే కొండల మధ్య వాగు పారే లోయ. మస్కట్ నుంచి సూర్ పట్టణానికి వెళ్లే హైవే మీద దాదాపు 140 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. రోడ్డు బాగుంటుంది. మామూలు కారు చాలు, ఫోర్ వీల్ డ్రైవ్ అద్దెకి తీసుకుని డబ్బు తగలేసుకోనక్కర్లేదు.

కారు ఆపేది హైవే వంతెన కింద. టాయిలెట్లు ఇక్కడే, లోపలికి వెళ్లాక ఏమీ ఉండవు. వాగు దాటించే చిన్న మోటారు పడవకి మనిషికి ఒక రియాల్. రెండు నిమిషాల ప్రయాణానికి రెండొందల పైచిలుకు రూపాయలా అని ప్రాణం ఉసూరుమంటుంది గానీ, ఇవ్వక తప్పదు. చివరి పడవ ఎన్నింటికో దిగేటప్పుడే కనుక్కోండి.

అవతలి ఒడ్డున కాసేపు ఖర్జూరం, అరటి తోటల నీడ. కొండ అంచునే ఫలజ్ అనే సన్నటి సాగునీటి కాలువ. మన చెరువుల కింద వంతులున్నట్టే ఇక్కడి రైతులు ఆ నీటిని గంటల లెక్కన పంచుకుంటారు. తోటలు దాటాక నీడ ఉండదు. బండలు, గులకరాళ్లు, కొన్నిచోట్ల కొండని ఒరుసుకుంటూ పోవాల్సిన దారి. ముప్పావు గంట నడక. హవాయి చెప్పులతో రావద్దు, తడిస్తే జారని బూట్లు వేసుకుని వాటితోనే నీళ్లలో దిగండి.

మొదటి మడుగులో కాళ్లు పెట్టి కూర్చుంటే చిన్న చిన్న చేపలు వచ్చి మడమలు కొరుకుతాయి. పిల్లలకి అదే పెద్ద ఆట. అసలు సంగతి ఇంకా లోపల ఉంది. కొంత ఈత, కొంత రాళ్ల మీద నడక, మళ్లీ ఈత. చివర రెండు బండల మధ్య తల పట్టేంత సందు. గడ్డం దాకా నీళ్లు, చెవులకి రెండు పక్కలా రాయి. నాకైతే గుండె దడదడలాడింది. అది దాటితే పైనుంచి వెలుతురు పడే గుహ, అందులో జలపాతం. ఈత రానివాళ్లు ఇక్కడిదాకా రాలేరు. లైఫ్ జాకెట్ మస్కట్‌లోనే కొనుక్కోండి, లైఫ్‌గార్డు ఉంటాడని ఆశ పెట్టుకోకండి. ఊరివాళ్ల తోటల్లోంచి వెళ్తాం కాబట్టి టీషర్టు, మోకాళ్లు కప్పే నిక్కరు మర్యాద. శుక్రవారం మాత్రం జనం కిటకిట.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేట్టయితే ఇది వద్దు, వాదీ బనీ ఖాలిద్ నయం. దూరం ఎక్కువైనా కారు దిగి కాస్త నడిస్తే మడుగు, పక్కనే హోటల్. షాబ్ దారిలో ఉన్న బిమ్మా సింక్‌హోల్ (నేల కుంగి నీళ్లు నిండిన పెద్ద గొయ్యి) కూడా పెద్దవాళ్లకి పర్వాలేదు, మెట్లున్నాయి.

రాత్రి ఉండాలా అంటే, రాస్ అల్ జింజ్‌లో తాబేళ్లు గుడ్లు పెట్టడం చూసే ప్లాన్ ఉంటేనే సూర్‌లో గది తీసుకోండి. లేకపోతే ఫిన్స్ బీచ్‌లో సొంత టెంటు వేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఏదైనా సరే, కొండల్లో వాన సూచన ఉంటే ప్రయాణం మానుకోండి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన పడిన వానకి ఈ లోయలో వరద నిమిషాల్లో వచ్చేస్తుంది.