మిలాక్స్ గాలిలో డ్రిఫ్ట్ సాక్: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

మే నెలాఖరులో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న మిలాక్స్ సరస్సుపై వాలై (walleye) చేపల వేటకు వెళ్లేవారికి పడవ, గాలం తర్వాత అత్యవసరమైన వస్తువు డ్రిఫ్ట్ సాక్ అని, ఏళ్ల తరబడి ప్రతి వసంతంలోనూ వాడిన మీదట నిస్సంకోచంగా చెప్పగలను. ఇది దృఢమైన నైలాన్ గుడ్డతో గరాటు ఆకారంలో కుట్టిన సంచి. వెడల్పైన మూతికి పైఅంచున బెండు, కిందిఅంచున బరువు, సన్నని కొసన నీరు బయటికి పోయే చిన్న రంధ్రం ఉంటాయి. తాడుతో పడవకు కట్టి వదిలితే సంచి నీటితో నిండి, గాలికి కొట్టుకుపోయే పడవను పట్టి ఆపుతుంది. నేను వాడేది 48 అంగుళాల మూతి గలది; నాది 17 అడుగుల అల్యూమినియం పడవ.

మినియాపొలిస్‌కు ఉత్తరాన సుమారు 100 మైళ్ల దూరంలో ఉన్న ఈ సరస్సు 1,32,000 ఎకరాలు పరుచుకున్నా, దాని గరిష్ఠ లోతు 42 అడుగులే. ఇంత విశాలంగా ఉండి, ఇంత తక్కువ లోతున్న నీటిపై వాయవ్యం నుంచి గాలి వీచిందంటే అలలు దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. అయినా వాలై కోసం వచ్చేవారు గాలినే కోరుకుంటారు. వాలై కంటిలో కాంతిని తిప్పికొట్టే పొర ఒకటి ఉండడం వల్ల, అది తినే పెర్చ్ చేపకు సరిగా కనిపించని మసక వెలుతురులో కూడా దానికి చక్కగా కనిపిస్తుంది. ఎండను అలలు చెదరగొట్టి, ఒడ్డు నీటిని కాస్త కలక చేసినప్పుడు, గుడ్లు పెట్టే కాలం ముగిసి ఆకలి మీదున్న వాలై పట్టపగలే రాతి దిబ్బల మీదికి వచ్చి మేస్తుంది. సరస్సు నీరు మునుపటికంటే తేటబడిన ఈ రోజుల్లో గాలి విలువ ఇంకా పెరిగింది.

చిక్కంతా వేగంతోనే. సీసపు గుండు నేలను తాకుతూ సాగే లిండీ రిగ్ అనే గాలపు అమరికకు జలగను ఎరగా కట్టి, పది పన్నెండు అడుగుల లోతులో లాగేటప్పుడు, గంటకు అర మైలు నుంచి ఒక మైలు లోపు వేగం నాకు బాగా ఫలించింది. ఓ మోస్తరు గాలిలో సంచి లేకపోతే నా పడవ గంటకు దాదాపు రెండు మైళ్ల వేగంతో పోతుంది. గుండు నేలను వదిలి పైకి తేలుతుంది, జలగ సహజంగా ఈదకుండా గిరగిరా తిరుగుతుంది, చేప ఎరను నోట పట్టిన క్షణంలో దారం వదలడానికి వ్యవధే ఉండదు. సంచి వేసిన వెంటనే జీపీఎస్‌లో వేగం ఒక మైలు లోపుకు దిగుతుంది. లంగరు వేస్తే ఒకే చోట ఉండిపోతాము. ఈ సంచితో మాత్రం రాతి దిబ్బ పొడవునా నెమ్మదిగా వెతుక్కుంటూ పోవచ్చు.

కొనేటప్పుడు చాలామంది పరిమాణం దగ్గర పొదుపు చేస్తారు, అది తగదు. నీటి పట్టు మూతి వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కనుక, 36 అంగుళాల సంచితో పోలిస్తే 48 అంగుళాలది సుమారు 1.8 రెట్లు బలంగా పట్టి ఉంచుతుంది. గాలి తక్కువైన రోజున పెద్ద సంచి మూతిని తాడుతో కొంత బిగించి పట్టు తగ్గించుకోవచ్చు. చిన్న సంచిని పెద్దది చేసే మార్గం లేదు.

పడవ అడ్డంగా సాగాలంటే గాలి వచ్చే వైపు అంచున, మధ్యకు దగ్గరగా కట్టాలి. ముక్కు గాలికి ఎదురుగా నిలవాలంటే ముందువైపు కొక్కేనికి కట్టాలి. పెద్ద అలలలో వెనకవైపు కట్టడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే మోటారు ఉండే తక్కువ ఎత్తు అంచు మీదుగా నీరు పడవలోకి వస్తుంది. మే నెల నీరు ఇంకా బాగా చల్లగా ఉంటుంది. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండవలసిందే.

లోపాలు లేకపోలేదు. నేను మొదట కొన్న చవక సంచికి రెండో వసంతంలోనే మూతి దగ్గరి పట్టీ కుట్లు ఊడిపోయాయి. ఇప్పటిదానికి పట్టీలు కొస దాకా సాగి, రెండు వరుసల కుట్టుతో ఉన్నాయి. గుడ్డ రంగు వెలిసింది గాని ఎక్కడా చిరగలేదు. నిండిన సంచిని మూతి వైపు నుంచి లాగడం భుజాలకు చాలా కష్టం కనుక, కొసకు కట్టే రెండో తాడు తప్పనిసరి. దాన్ని లాగితే సంచి తిరగబడి నీరు వదిలేస్తుంది. పెద్ద చేప పడవ చుట్టూ తిరిగినప్పుడు దారం ఈ తాళ్లకు చుట్టుకునే అవకాశం ఉంది, అందువల్ల తోడున్నవారు వెంటనే సంచిని పైకి తీయాలి. తాళ్లు పడవలోకి వచ్చాకనే మోటారు తిప్పాలి.

మిలాక్స్‌లో జెబ్రా మసెల్స్ (ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పాకి హాని చేసే చిన్న ఆల్చిప్పలు) ఉన్నాయి కాబట్టి, నీటిని మడతల్లో దాచుకునే ఈ సంచి విషయంలో జాగ్రత్త అవసరం. రేవు నుంచి బయలుదేరే ముందు పడవ డ్రైన్ ప్లగ్ (నీరు పోయే రంధ్రానికి ఉండే బిరడా) తీసి నీరు వదలడం మిన్నెసోటాలో చట్టం. సంచిని కూడా అక్కడే పిండి, గడ్డీ పాచీ తీసివేసి, ఇంటి దగ్గర విప్పి కనీసం 5 రోజులు ఆరవేస్తాను. వారం మధ్యలో వేరే సరస్సుకు వెళ్లేవారు రెండో సంచి ఒకటి ఉంచుకోవడం మంచిది.