మేగీ మార్ష్‌కి వెళ్తే శనివారం కాదు, సోమవారం వెళ్లండి

మే రెండో వారం వచ్చిందంటే ఒహాయోలో పక్షుల పిచ్చి ఉన్నవాళ్ల కార్లన్నీ ఈరీ సరస్సు వైపే తిరుగుతాయి. కొలంబస్ నుంచి ఆ సరస్సు ఒడ్డునే ఉన్న మేగీ మార్ష్ అనే చిత్తడి నేలకి మాకు రెండున్నర గంటలు పట్టింది. ఈసారి నాన్న కూడా వచ్చారు. ఆయనది కైకలూరు. ఆటపాకలో గూడబాతుల్ని చూసిన మనిషికి, పది గ్రాముల పిట్ట కోసం మెడలో బైనాక్యులర్ వేసుకుని తిరగడం నవ్వులాటగానే అనిపించింది.

శనివారం పొద్దున తొమ్మిదికి చేరాం. అదే మొదటి పొరపాటు. ప్రవేశానికి గానీ పార్కింగ్‌కి గానీ డబ్బు లేదు కాబట్టి జనం బాగా వస్తారు, చోటు కోసం రెండు చుట్లు తిరగాల్సొచ్చింది. చెట్ల మధ్యగా వేసిన చెక్కబాట మైలు లోపే ఉంటుంది, వీల్‌చైర్ కూడా హాయిగా వెళ్తుంది. ఆ రోజు మాత్రం తిరుమల క్యూలైనే. ఎవరూ తోసుకోరనుకోండి, కానీ మూరెడేసి లెన్సులు చెవి పక్కనుంచి వెళ్తుంటాయి. పక్షులు అంతంతమాత్రం. ముందు రాత్రంతా ఉత్తరపు గాలి వీచింది, కొత్తగా వచ్చినవి లేవు.

అందరూ వచ్చేది వార్బ్లర్లనే బుల్లి పాటపిట్టల కోసం. వసంతంలో ఉత్తరానికి పోయే ఇవి ప్రయాణం చేసేది రాత్రిపూట. దక్షిణపు గాలి తోడైతే వేలకి వేలు కదులుతాయి. తెల్లారేసరికి ఎదురుగా సరస్సు, అవతలి ఒడ్డు 50 కిలోమీటర్ల దూరం. దాటే ముందు దిగి కడుపు నింపుకోవాలి. దిగడానికి చూస్తే చుట్టూ పొలాలు, నీటి మడుగులు. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా గ్రేట్ బ్లాక్ స్వాంప్ అనే చిత్తడి అడవి. 19వ శతాబ్దంలో కాలువలు తవ్వి నీళ్లు తోడేసి సాగులోకి తెచ్చారు. ఒడ్డున మిగిలిన ఈ కాస్త చెట్ల గుంపులోకే అన్నీ దిగుతాయి. వేరే అడవుల్లో చిటారు కొమ్మన తిరుగుతూ మెడనొప్పి తెప్పించే పిట్టలే ఇక్కడ మన మొహానికి ఎదురుగా వాలతాయి.

ఇక బస సంగతి. 2010 నుంచి ఇక్కడ బిగ్గెస్ట్ వీక్ అని పది రోజుల పక్షుల పండగ జరుగుతోంది. అందులో పేరు నమోదు చేసుకోకపోయినా చెక్కబాట మీదికి వెళ్లొచ్చు, గదులకే కొట్లాట. ఆలస్యంగా మేలుకున్న మాకు టొలీడో వైపు హైవే పక్కన ఒక మోటల్ దొరికింది. నో స్మోకింగ్ గది అని డబ్బు కట్టించుకున్నారు, తలుపు తియ్యగానే సిగరెట్ కంపు. అడిగితే వేరే గది ఖాళీ లేదన్నారు. బ్రేక్‌ఫాస్ట్ ఏడింటికి మొదలట. పిట్టల కోసం వచ్చినవాడు ఏడింటిదాకా హోటల్లో ఏం చేస్తాడు? ఇంకోసారి వెళ్తే చలికాలంలోనే మౌమీ బే స్టేట్ పార్క్ లాడ్జ్‌లో గది పట్టుకుంటాను. అక్కడ పార్కులోనే ఇంకో చెక్కబాట ఉంది.

ఆదివారం వాన. పక్కనే ఉన్న ఒట్టావా వన్యప్రాణి ఆశ్రయానికి వెళ్లి కారు దిగకుండా చుట్టి వచ్చాం. కొంగలు, హంసలు, తెల్లతల గద్దలు కనబడ్డాయి. నాన్నకి మొదటిసారి ముఖం వికసించింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే ఒక పూట దీనికి కేటాయించండి.

రాత్రికి గాలి తిరిగింది. బర్డ్‌కాస్ట్ అని ఒక సైటు ఉంది, వాతావరణ రాడార్ల సమాచారంతో ఏ రాత్రి ఎన్ని పక్షులు ఎగురుతున్నాయో మ్యాప్‌లో చూపిస్తుంది. పడుకునే ముందు చూస్తే మా వైపంతా వెలిగిపోతోంది. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

సోమవారం ఆరున్నరకి కారు తలుపు తియ్యగానే తేడా చెవికి తెలిసింది. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ తెరిస్తే పేర్లు వరసపెట్టి వస్తున్నాయి. తర్వాత ఫోన్ జేబులో పెట్టేశాను. (దయచేసి అక్కడ రికార్డు చేసిన కూతలు వినిపించకండి, పిట్టల్ని ఇబ్బంది పెట్టడమే అది.) మాగ్నోలియా, కేప్ మే, తోక విసనకర్రలా విప్పే రెడ్‌స్టార్ట్, అన్నీ వార్బ్లర్లే, ఎటు తిరిగినా ఒకటి. మిడ్జ్ పురుగులు మబ్బులా లేచాయి. అవి కుట్టవు, టీలో పడతాయంతే. పిట్టలకి విందు.

నాన్న అలసిపోయి కటకటాకి ఆనుకుని నిలబడ్డారు. నేను ముందుకెళ్లిపోయాను.

"ఒరేయ్, ఆగు. కదలకు," అన్నారు మెల్లగా.

ఆయన మోచేతికి బారెడు దూరంలో, బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్. గొంతు నిప్పుకణిక రంగు, కంటి చుట్టూ నల్ల గీతలు. దక్షిణ అమెరికా కొండల్లో చలికాలం గడిపి వచ్చిన పిట్ట అది, బరువు రెండు క్వార్టర్ (పాతిక సెంట్ల) నాణేలంత. ఆకు అడుగునుంచి ఆకుపచ్చ గొంగళిపురుగుని లాగి, కొమ్మకేసి రెండుసార్లు కొట్టి మింగింది. ముక్కు అటొకసారి ఇటొకసారి తుడుచుకుంది. నేను బైనాక్యులర్ ఎత్తాను గానీ, అంత దగ్గర్లో ఫోకస్ కుదరలేదు. నాన్న మామూలు కళ్లతోనే చూశారు.

తినడానికి ఏదైనా ఇంటి నుంచే తెచ్చుకోవడం మేలు. మేం సరస్సు ఒడ్డున పులిహోర తిన్నాం. మేలో కూడా అక్కడ గాలి కోసేస్తుంది, నాన్న మంకీ క్యాప్ తియ్యలేదు. పదకొండు దాటాక కూతలు తగ్గాయి, బయల్దేరదామా అన్నాను.

"ఇంకో రౌండ్ వేసొద్దాం," అంటూ ఆయన అప్పటికే చేతికర్ర అందుకున్నారు.