చార్మినార్ చుట్టూ ఒక పూట: గైడ్‌తోనా, సొంతంగానా?

హైదరాబాద్ పాతబస్తీకి ఒక్క పూటే కేటాయించగలిగితే, మొదటిసారి వెళ్లేవాళ్లకు నా ఓటు గైడ్‌కే.

ఎందుకో గుల్జార్ హౌజ్ దగ్గర తెలుస్తుంది. చుట్టూ ఆటోల హారన్లు, నడిమధ్య నీళ్ల తొట్టి. సొంతంగా వెళ్తే దాన్ని ట్రాఫిక్ ఐలాండ్ అనుకుని దాటేస్తాం. గైడ్ అక్కడే నిలబెట్టి నాలుగు దిక్కులా చూపిస్తే చార్ కమాన్లు, అంటే నాలుగు పెద్ద తోరణ ద్వారాలు కనిపిస్తాయి. చార్మినార్ 1591 నాటిదని అందరికీ తెలుసు, దాని గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి. మక్కా మసీదులో ఆసఫ్‌జాహీల (నిజాం వంశస్థుల) సమాధులున్నాయి, ఏడో నిజాంది మాత్రం కింగ్ కోఠి దగ్గరి జూదీ మసీదులో ఉంది. ఇలాంటివి బోర్డులు చదివితే దొరకవు.

అయితే గైడ్ వెంట లక్క గాజుల లాడ్ బజార్‌ను పరుగున చూడాల్సిందే. పొద్దున్నే మొదలయ్యే నడకైతే షాపుల షట్టర్లే చూస్తారు. లక్క వేడిచేసి, గాజు చుట్టి, ఒక్కో రాయి అద్దే పని నిలబడి చూడాలన్నా, బేరమాడాలన్నా, ఇరానీ చాయ్ తీరిగ్గా తాగాలన్నా సొంతంగా వెళ్లడమే హాయి. అత్తగారు, పిల్లలు వెంట ఉంటే మరీను.

డబ్బు సంగతి: గైడ్ ఫీజులో ఎంట్రీ టికెట్లు కలిశాయో లేదో ముందే అడగండి. ముత్యాల షాపుకు తీసుకెళ్తారా అన్నదీ అడగండి, ఆ అరగంట మీ పూటలోంచే పోతుంది.

ఎలా వెళ్లినా శుక్రవారం వద్దు. చౌమహల్లా ప్యాలెస్‌కు ఆ రోజే సెలవు.