ఆరు రోజుల కొండ నడకకు 36 లీటర్ల బ్యాక్‌ప్యాక్: వాడి చూశాక

ఆరు పగళ్లు కొండదారుల్లో నడిచి, ఐదు రాత్రులు దారి మధ్యలోని పర్వత బసల్లో తలదాచుకున్న ప్రయాణానికి నేను ఈ 36 లీటర్ల బ్యాక్‌ప్యాక్‌ను తీసుకెళ్లాను. కొనే ముందు 50 లీటర్లది తీసుకోవడం మేలేమోనని చాలా రోజులు తటపటాయించాను. రెఫ్యూజ్ అని పిలిచే ఈ బసల్లో పరుపు, దుప్పటి, రాత్రి భోజనం, ఉదయపు అల్పాహారం దొరుకుతాయి కనుక గుడారం, స్లీపింగ్ బ్యాగ్, పొయ్యి, గిన్నెలు మోయవలసిన అవసరం ఉండదు. అవేవీ లేని ప్రయాణానికి పెద్ద సంచి పట్టుకుంటే, ఖాళీగా కనిపించే చోటునల్లా ఏదో ఒకటి పెట్టి నింపబుద్ధవుతుంది. అలా నింపిన ప్రతి వస్తువు బరువూ దిగుడు దారిలో మోకాళ్ల మీదే పడుతుంది.

నీళ్లతో కలిపి నా మొత్తం మోత 8 కిలోలకు కాస్త లోపే ఉంది. అందులో సంచి సొంత బరువే 1.3 కిలోలు, రెండు లీటర్ల నీళ్లు మరో 2 కిలోలు. ఒంటి మీద ఉన్నవి కాక ఒక జత నడక బట్టలు, బసకు చేరాక వేసుకోవడానికి ఒక జత పొడి బట్టలు మాత్రమే పెట్టుకున్నాను. తడిస్తే త్వరగా ఆరని నూలు బట్టలను పూర్తిగా వదిలేసి, రెండు మూడు రోజులు వరుసగా వేసుకున్నా అంతగా వాసన పట్టని మెరినో ఉన్ని చొక్కాలు ఎంచుకున్నాను. ఎండాకాలమే కదా అని వెచ్చని జాకెట్‌ను, చేతి తొడుగులను మాత్రం మానలేదు. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల చొప్పున తగ్గుతుంది, దానికి కనుమల మీద వీచే గాలి తోడైతే చేతివేళ్లు కొంకర్లు పోతాయి.

ఈ సంచిలో నాకు అన్నిటికంటే అక్కరకు వచ్చినది విడిగా జిప్ ఉన్న అడుగు అర. అది స్లీపింగ్ బ్యాగ్ కోసం కుట్టిన అర, కానీ నేను దానిని రాత్రి సామాను కోసం కేటాయించాను. బసలోని దుప్పట్లను ప్రతి అతిథికీ ఉతకరు కనుక చాలాచోట్ల మన సొంత లైనర్, అంటే దుప్పటి లోపల మనం దూరి పడుకునే పలుచని గుడ్డ సంచి, తప్పనిసరి. పట్టు లైనర్ 150 గ్రాములైనా ఉండదు, మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోతుంది. దానితో పాటు పొడి బట్టలు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు, ఎర్ర వెలుగు కూడా ఇచ్చే హెడ్‌ల్యాంప్, టూత్‌బ్రష్, తేలికపాటి చెప్పులు అందులోనే ఉంచాను. బూట్లను గుమ్మం దగ్గరే విప్పాలి, పడకగదిలో పదిమందికి పైగా పక్కపక్కనే పడుకోవాలి, దీపాలు పది గంటలకల్లా ఆర్పేస్తారు, శిఖరం ఎక్కేవారు తెల్లవారకముందే లేస్తారు. ఆ చీకట్లో సంచినంతా తిరగేస్తూ ప్లాస్టిక్ కవర్లు గలగలలాడిస్తే తోటివారి నిద్ర పాడవుతుంది. ఇక్కడ ఒక్క జిప్ తీస్తే కావలసినదంతా చేతికి వచ్చింది. నల్లుల భయంతో సంచులను పడకగదిలోకి రానివ్వని బసలు కూడా కొన్ని ఉన్నాయి కనుక, ఆ సామానంతా ఒక పలుచని గుడ్డ సంచిలో కట్టి ఆ అరలో పెట్టడం ఇంకా మంచిది.

నడుము పట్టీ బాగా కుదిరింది. దానిని పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల పైఅంచు మీద బిగిస్తే బరువులో ఎక్కువ భాగం భుజాల నుంచి కాళ్లకు దిగుతుంది. ఈ సంచి వీపుకు తగలకుండా, వీపు వైపు బిగించి ఉన్న వల మీద నిలుస్తుంది. చెమట తగ్గిన మాట నిజమే కానీ, ఆ జానెడు లోపు ఎడం వల్ల బరువు వెనక్కి లాగుతుంది. మూడో రోజు నుంచి నీళ్లను, తినుబండారాలను భుజాల మధ్య ఎత్తులో, వల వైపుకు ఆనించి సర్దాక ఆ లాగుడు చాలావరకు సర్దుకుంది.

వాన తొడుగు నన్ను నిరాశపరిచింది. నాలుగో రోజు కనుమ మీద గాలివాన పట్టుకున్నప్పుడు అది తెరచాపలా ఉబ్బి ఒక మూల ఊడిపోయింది. ఊడకుండా ఉన్న భాగంలో కూడా వీపు వైపు నుంచి కారిన నీరు లోపలికి ఇంకింది. బట్టలన్నీ లోపల మడత మూతి ఉన్న జలనిరోధక సంచిలో ఉండబట్టి ఆ రాత్రి పొడి బట్టలతో నిద్రపోగలిగాను. తొడుగు మంచిదా కాదా అన్నదానితో నిమిత్తం లేకుండా, ఈ లోపలి సంచిని ఎవరూ మానకూడదు.

ఛాతీ పట్టీ బకిల్‌లో ఒక చిన్న ఈల అమర్చి ఉంది. చాలామంది దానిని గమనించనే గమనించరు. ఆపదలో ఉన్నామని తెలపడానికి నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ అలాగే ఊదాలి. విన్నవారు నిమిషానికి మూడుసార్లు ఊది జవాబిస్తారు. ఈల వెతుక్కోకుండా నోటికి అందే చోట ఉండడం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

పక్క జేబులు మాత్రం బిగుతుగా ఉండి, సంచి దించకుండా సీసా తీయడం కుదరలేదు.

నిర్వాహకులు ఉండి భోజనం పెట్టే కాలంలో బస నుంచి బసకు నడిచేవారికి ఈ సంచిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నిర్వాహకులు కొండ దిగిపోయాక, వారు లేని రోజుల్లో తెరిచి ఉంచే శీతకాలపు గదిలో ఉండదలచినవారికి తిండి, స్లీపింగ్ బ్యాగ్, కొన్నిచోట్ల పొయ్యి కూడా వెంట ఉండాలి. వారికి 36 లీటర్లు చాలవు.